ముందు గాయం మానాలి, తర్వాత బరువు తగ్గాలి

గుండెకు బైపాస్ ఆపరేషన్ అయిన మనిషిని పరామర్శించడానికి వెళ్లిన వాళ్లలో ఒకరైనా ఆయన ఒంటి గురించి మాట్లాడకుండా రారు. లావుగా ఉంటే, "ఇంత ఒళ్లు పెట్టుకుని ఎలా తట్టుకుంటాడో" అని గుమ్మం దాటకముందే గొణుగుతారు. సన్నగా ఉంటే, "బక్క మనిషే కదా, పది రోజుల్లో లేచి తిరుగుతాడులే" అని ధైర్యం చెబుతారు. మొదటి మాట మంచం మీదున్న మనిషిని కుంగదీస్తుంది. రెండో మాట ఇంట్లో వాళ్లను ఏమరుపాటులో పడేస్తుంది. రెండూ తప్పే. కోలుకోవడంలో బరువు పాత్ర నిజంగానే పెద్దది. అయితే అది ఎక్కడ, ఏ దశలో అడ్డొస్తుందో తెలియకపోతే జాగ్రత్త పడాల్సిన చోట పడం, అక్కర్లేని చోట బెంబేలెత్తుతాం.

ముందు ఆపరేషన్ సంగతి. రొమ్ము ఎముకను నిలువునా కోసి గుండెను చేరతారు. రొమ్ము గోడ లోపలి ధమనిని, కాలి సిరను వాడి, పూడుకుపోయిన నాళాన్ని దాటుకుని రక్తం పారేలా కొత్త దారి వేస్తారు. 1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫావలోరో కాలి సిరతో ఈ పద్ధతికి బాట వేశారు. పని ముగిశాక ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు 3 నెలలు పడుతుంది. రక్తం కొత్త దారి పట్టడం ఆపరేషన్ బల్ల మీదే జరిగిపోతుంది. ఇంటికొచ్చాక కోలుకోవాల్సినవి ముఖ్యంగా ఎముక, కోతలు, ఊపిరితిత్తులు. బరువు తన ప్రభావం చూపేదీ వీటి మీదే.

మొదటిది గాయం. చర్మం కింద మందంగా పేరుకున్న కొవ్వు పొరకు రక్త ప్రసరణ తక్కువ. అక్కడికి మందూ, మాన్పే కణాలూ ఆలస్యంగా చేరతాయి. అందుకే ఊబకాయం ఉన్నవారిలో ఛాతీ గాయం, సిర తీసిన కాలి గాయం చీము పట్టే అవకాశం ఎక్కువ. దానికి షుగర్ తోడైతే రెట్టింపు జాగ్రత్త కావాలి. రెండు వైపుల రొమ్ము ధమనులనూ తీస్తే ఎముకకు రక్తం తగ్గుతుంది కాబట్టి, షుగరూ ఊబకాయమూ కలిసి ఉన్నవారిలో సర్జన్లు చాలాసార్లు ఒక ధమనితో సరిపెడతారు. యాంటీబయాటిక్ మోతాదు కూడా బరువును బట్టి మారుతుంది. సెఫజోలిన్ మామూలుగా 2 గ్రాములు ఇస్తే, 120 కిలోలు దాటినవారికి 3 గ్రాములు ఇస్తారు. భారీ రొమ్ములున్న స్త్రీలలో ఆ బరువే కుట్లను రెండు వైపులా లాగుతుంది. ముందువైపు హుక్కులుండి, గట్టిగా పట్టి ఉంచే లోదుస్తు వేసుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. ఈ మాట చెప్పడానికి డాక్టర్లు, అడగడానికి ఆడవాళ్లు మొహమాటపడుతుంటారు. ఆ మొహమాటం గాయానికి మంచిది కాదు.

రెండోది ఊపిరి. వెల్లకిలా పడుకున్నప్పుడు పెద్ద పొట్ట ఊపిరితిత్తులను కింది నుంచి పైకి నెడుతుంది. అడుగు భాగం సరిగా విచ్చుకోక కఫం పట్టి న్యుమోనియాకు దారితీస్తుంది. అందుకే ఆస్పత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చేతిలో పెడతారు. చాలామంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతారు. ఊదితే ఫలితం లేదు. ఊపిరి పూర్తిగా వదిలేసి, గొట్టం నోట్లో పెట్టుకుని, గాలిని నెమ్మదిగా లోపలికి పీల్చాలి. బంతులు పైకి లేచాక రెండు మూడు సెకన్లు బిగబట్టాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు చేయాలి. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. పెద్దగా గురక పెట్టే అలవాటు, నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది ఉంటే ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి.

మూడోది లేవడం. లావుగా ఉన్నవారు నులక మంచం మీద నుంచో, కింద పరిచిన పరుపు మీద నుంచో లేవాలంటే రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వాటి మీద వేస్తారు. ఆ ఊపు నేరుగా అతుక్కుంటున్న ఎముక మీద పడుతుంది. ముందు పక్కకు ఒరిగి, కాళ్లు దించి, తొడల బలంతో లేవడం నేర్పాలి. ఎత్తు మంచం, చేతులున్న ఎత్తు కుర్చీ, వెస్టర్న్ కమోడ్ డిశ్చార్జికి ముందే సిద్ధం చేసుకోవాలి. ఎముక కుదురుకునే దాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నీళ్ల బకెట్టూ, చంకెక్కే మనవడూ ఆ లెక్కలోకే వస్తారు.

ఇక సన్నగా ఉన్నవారి సంగతి. ఆపరేషన్ తర్వాత మరణాల ముప్పును బరువుతో పోల్చి చూసిన అనేక అధ్యయనాల్లో ముప్పు రెండు కొసల్లోనూ ఎక్కువగా కనిపించింది. విపరీతమైన ఊబకాయం ఒక కొస, మరీ తక్కువ బరువు రెండో కొస. ఓ మోస్తరు లావున్నవారు చాలా అధ్యయనాల్లో మామూలు బరువున్నవారిలాగే బయటపడ్డారు. చిన్న శరీరంలో రక్తం తక్కువ. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మిషన్‌లోని ద్రవం కలిసేసరికి అది మరింత పలచబడి, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. కండ లేని మనిషికి లేచి నడిచే సత్తువ ఉండదు, గాయం మానడానికి కావలసిన ప్రొటీన్ నిల్వా ఉండదు. కాబట్టి బక్కగా ఉన్న డెబ్బై ఏళ్ల పెద్దాయన్ను చూసి నిశ్చింతగా ఉండకండి.

సన్నగా ఉంటే గుండెజబ్బు రాదన్న నమ్మకమూ నిలవదు. సన్నగా కనిపించే మన్మోహన్ సింగ్‌కు 1990లో ఒకసారి, ప్రధానిగా ఉండగా 2009లో మరోసారి బైపాస్ జరిగింది. మన ఒంటి తీరుకు అద్దంపట్టే ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తును బట్టి బరువును లెక్కించే బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అందుకే మనవాళ్లకు బీఎంఐ 25 దాటగానే ఊబకాయంగా లెక్కిస్తారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటిన నడుము కొలతను హెచ్చరికగా చూస్తారు. కాటాతో పాటు టేపు కూడా ఇంట్లో ఉండాలి.

ఆపరేషన్ అయిన కొత్తలో కాటా చూపే అంకెలో నీరు కూడా కలిసి ఉంటుంది. ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందు బరువు చూసి రాసిపెట్టాలి. ఒక్క రోజులో కిలోకు పైగా, వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించాలి. కాళ్ల వాపు, ఆయాసం కోసం ఎదురుచూడకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

తిండి దగ్గర మన ఇళ్లు రెండు రకాలు. ఒక ఇంట్లో "బలం రావాలి" అని నెయ్యి, జీడిపప్పు, కాళ్ల సూపు. ఇంకో ఇంట్లో "కొవ్వు పెరుగుతుంది" అని గంజీ, జావతో కడుపు మాడ్చడం. మొదటి రెండు నెలలూ బరువు తగ్గించే కాలం కాదు. కిడ్నీ జబ్బు లేనివారికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి. లావైన మనిషికి ఎంత ఇవ్వాలో డైటీషియన్ లెక్క కడతారు. పప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన, చేప ముక్క ప్రతి పూటా విస్తట్లో ఉండాలి. అన్నం, ఉప్పు, నూనె తగ్గాలి. పచ్చళ్లు, అప్పడాలు పక్కకు పోవాలి. ఎముక అతుక్కున్నాక, నడక అలవాటయ్యాక, ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరూ బీపీ అదుపులోకి రావడానికి ఎంతో తోడ్పడుతుంది.

ఇంత పనీ కుటుంబం మీదే వేయడం అన్యాయం. 2007లో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాడికీ బైపాస్ అందింది. అది మన రాష్ట్రాలు గర్వించదగ్గ విషయం. కానీ నడక, వ్యాయామం, తిండి, బరువు, మందులు అన్నిటినీ కలిపి నెలల తరబడి చూసుకునే కార్డియాక్ రిహాబిలిటేషన్ పెద్ద నగరాలు దాటితే కనిపించడం కష్టం. గుండె మరణాలనూ, మళ్లీ ఆస్పత్రిలో చేరడాన్నీ ఇది తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక ఫిజియోథెరపిస్టు, ఒక డైటీషియన్, ఒక నర్సు, ఒక గది ఉంటే జిల్లా ఆస్పత్రిలో మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వాలు బైపాస్ ప్యాకేజీలోనే దీన్నీ చేర్చాలి.

ఈలోగా ఇంట్లో వాళ్లకు నా మనవి ఒకటే. డిశ్చార్జి రోజున మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి: ఈ రోజు బరువెంత, ప్రొటీన్ ఎంత ఇవ్వాలి, బరువు తగ్గించడం ఎప్పుడు మొదలుపెట్టాలి. పరామర్శకు వెళ్లేవాళ్లు దయచేసి ఆ మనిషి ఒంటి గురించి ఒక్క మాటా అనకండి.