నల్లపావుల గెలుపు

1922వ సంవత్సరమున వియన్నా పందెములలో తెల్లపావులు పట్టిన అలెఖీను, నల్లపావులు పట్టిన ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డునకు ఓడిపోయెను. ఓడినవాడు సామాన్యుడు కాడు. అయిదేండ్లకు జగజ్జేత యైనవాడు. గెలిచిన యెత్తుగడకు గ్రూన్‌ఫెల్డు పేరే స్థిరపడినది. బల్ల నడిమి గడులను ముందుగా ఎదిరికి విడిచి, గుఱ్ఱమును వెలికిదీసి, అది విడిచిన గడి ముందరి బంటును ఒక్కగడి జరిపి, ఆ సందున శకటమును మూలవాటుగా నిలిపి, నడుమ గుమిగూడిన తెల్లబంట్లపై బడుట దాని మర్మము. ఐరోపావారు దీనిని అత్యాధునికమని కొనియాడిరి.

అత్యాధునికమట! 1855 మే నెలలో కలకత్తాయందు మహేశచంద్ర బెనర్జీ, స్కాట్లండు దేశీయుడగు బారిష్టరు జాన్ కాక్రేనుపై సరిగా ఈ యెత్తులనే వేసెను. గ్రూన్‌ఫెల్డునకు 67 ఏండ్ల ముందు! ఆ యాటలో మహేశచంద్రుడు ఓడెను, దాచుకొన బనిలేదు. దేశవాళి చదరంగమున బంటు మొదటిసారియు ఒక్కగడియే నడచును. నడిమికి పరుగెత్తుటకు వీలులేనందున ప్రక్కలనుండి కూర్చుకొనివచ్చు ఓర్పు మనవారికి అలవడినదని మా యభిప్రాయము. ఈ తెగ రక్షణలకు ‘ఇండియన్’ అను పేరు నేటికిని వాడుకలో నున్నది. మహేశచంద్రుని పేరు ఎందరెఱుగుదురు?

ఆ మాత్రమైనను మిగులుటకు కారణము, కాక్రేను ఆటలు లండను పత్రిక కెక్కుటయే. మనవారు వ్రాసికొనలేదు.

హైదరాబాదు పాతబస్తీవారితో మా తగవు ఇదియే. అక్కడ తెలుగు, ఉరుదూ ఒక్క బల్లకడ కూర్చుండును. మన ఏనుగు మూలగడిలో నిలిచి తిన్నగా నడచును. ఉరుదూవారి ‘ఫీలు’, ఆ మాటకును ఏనుగనియే అర్థము, మన శకటమై మూలవాటుగా నడచును! ఇంత ముచ్చటైన యాట సాయంకాలము పావులు సంచిలో పడగనే మాసిపోవుచున్నది. 2002 అక్టోబరున ఈ నగరమున జరిగిన ప్రపంచకప్పును విశ్వనాథన్ ఆనందు గెలిచెను. ఆ యెత్తులను నేడు ఏ దేశపు బాలుడైనను తిరిగి వేసి చూడగలడు. చార్మినారు చెంత నిన్న నల్లపావులతో నెగ్గిన వృద్ధుని యెత్తులు పొరుగింటివానికైనను దక్కవు.

పఠనాలయముల కార్యదర్శులారా, బల్లప్రక్కన ఒక నోటుపుస్తకమును, ఒక పెన్సిలును ఉంచుడు. ఓడిన యాటలనుగూడ వ్రాయించుడు. తెలుగైనను సరే, ఉరుదూ యైనను సరే. తేదీయు, ఇరువురి పేర్లును తప్పక యుండవలెను.