బాగోలేదు అనే హక్కు

తిండీ కులమూ: 7వ భాగం



పోయిన ఆదివారం పెద్దాపురంలో కోడి పలావు తిన్నాను. బాగోలేదు.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకో చెబుతాను.

మా అక్క కొడుక్కి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం. "మావయ్యా, ఈసారి పాక హోటల్ వద్దు, ఏసీలో కూర్చుందాం" అన్నాడు. సామర్లకోట వెళ్లే రోడ్డు మీద కొత్తగా తెరిచిన బార్ అండ్ రెస్టారెంటుకి తీసుకెళ్లాడు. దాని పేరు రాయను. ఇది ఒక్క హోటల్ గొడవ కాదు.

ముందు మెనూ చూడండి. పైన "రాజు గారి కోడి పలావు", 429 రూపాయలు. దాని కింద "బొంగులో చికెన్". ఇంకా కింద "బోటి వేపుడు", 379. పలావుకి కులం ఉంది, పక్కన "గారు" కూడా ఉంది. బొంగులో చికెన్ మన్యం గిరిజనుల వంట, కానీ పేరు బొంగుది, మనుషులది కాదు. ఇక బోటి. దాన్ని తినదగ్గదిగా చేసిన చేతులు ఎవరివో రాష్ట్రమంతా తెలుసు. ఆ పేరు కార్డు మీద పెట్టే ధైర్యం ఎవరికైనా ఉందా? మా ఇంట్లో ఉడికినంత కాలం అది నీచు. ఏసీ గదిలోకి వచ్చాక స్టార్టర్.

పలావు వచ్చింది. పొద్దుటి అన్నానికి మసాలా పట్టించి వేడి చేసినట్టుంది. కోడి ముక్క పీచులా ఉంది. బోటి నోట్లో పెట్టుకుంటే తెలిసిపోయింది, కడగలేదు. మా అమ్మ బోటిని వేడినీళ్లలో ముంచి, తిరగేసి, చాకుతో గీకి, సున్నం, పసుపు పట్టించి మళ్లీ మళ్లీ కడిగేది. పూట పని అది. ఆ పని ఎగ్గొట్టి కారం దట్టించారిక్కడ. వండినవాణ్ణి అనడం లేదు. ఎన్ని గంటలు నిలబెడుతున్నారో, ఎంతిస్తున్నారో ఊహించగలను. లోపల అంట్లు తోముతున్న కుర్రాడు మా పేటవాడే. తలుపు తెరుచుకున్నప్పుడు నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

పక్క టేబుల్లో నలుగురున్నారు. వాళ్లకీ అదే పలావు. ఒకాయన గిన్నె తోసేసి "ఏంటయ్యా ఇది?" అని అరిచాడు. మేనేజరు పరుగున వచ్చాడు, సారీ చెప్పాడు, వేరేది తెప్పించాడు. వాళ్ల కులం నాకు తెలీదు. అడగలేదు. ఆ గొంతు మాత్రం చిన్నప్పటి నుంచి తెలుసు.

సరే, మేమూ పిలిచాం. నెమ్మదిగానే చెప్పాను. బల్ల మీద మావాడి ఫోనుంది, దాని మీద నీలిరంగులో బాబాసాహెబ్ బొమ్మ. మేనేజరు ముందు ఫోను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఎక్కడ మీది?" అన్నాడు. పేట పేరు చెప్పాను. అప్పటిదాకా ఉన్న "సార్" పోయింది.

"ఇక్కడ ఇలాగే ఉంటది బాబూ. మీకు అలవాటు లేక అలా అనిపిస్తది."

బోటి మాకు అలవాటు లేదట!

నేను నోరు తెరవబోతే మావాడు మోకాలి మీద చెయ్యి వేశాడు. "వదిలెయ్ మావయ్యా. నా మొదటి జీతం" అన్నాడు. వదిలేశాను. ఆ బోటి తిన్నాను కూడా. నాలుగు రోజులు రాయలేకపోయింది అందుకు.

తిండి బాగోకపోతే అందరికీ బాగోదు, ఇందులో కులమెందుకు అని కింద ఎవరో ఒకరు రాస్తారు. నిజమే, పలావు అందరికీ ఒకటే. మార్చి తెచ్చిన గిన్నె మాత్రం ఒక్క టేబుల్‌కే వచ్చింది.

పేటల్లో గంజికి లేనివాళ్లుంటే బార్‌లో పలావు గురించి ఏడుస్తావా అని మనవాళ్లే అంటారు. దానికి మహాడ్ జవాబు. బహిరంగ చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చౌదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద హక్కు వచ్చేసింది. అయినా దిగి నీళ్లు తాగినవాడు లేడు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ హక్కు కాగితమే. అది దాహం గొడవ కాదు. ఇది ఆకలి గొడవా కాదు.

మన రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లలోకి వెళ్లకుండా కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదంటుంది. మా నాన్న కుర్రతనంలో టీ కొట్టు బయట చూరులో వేరే గ్లాసు ఉండేది. తాగి, కడిగి, బోర్లించి రావాలి. నేను కుర్చీలో కూర్చున్నాను. పింగాణీ పళ్లెంలో తిన్నాను. నాన్న తరం నుంచి ఇది పెద్ద దూరమే, కాదనను. కానీ కూర్చోనిచ్చారు కదా, ఇంకేం కావాలి అన్న భయం నాలో ఇంకా కూర్చుని ఉంది. డబ్బు కట్టినవాడు కస్టమర్. కట్టి కూడా కృతజ్ఞతగా తినేవాడు అతిథి కూడా కాదు, దయ మీద బతికేవాడు. గ్లాసు మారింది. బోర్లించడం మానామా?

బిల్లు వచ్చింది. పన్నులు కాక 2,600. దాని మీద సర్వీస్ ఛార్జి 10 శాతం, 260. అది తియ్యమన్నాను. "మా రూలు" అన్నాడు. అప్పుడు మావాడు, మోకాలి మీద చెయ్యి వేసినవాడే, ఫోను తీసి చదివి వినిపించాడు: సర్వీస్ ఛార్జి బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. గొంతు వణికింది. చదవడం ఆపలేదు. 260 తీసేశారు. బోటి 379 అలాగే ఉంది. సారీ రాలేదు.

హాస్టల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మెస్‌లో పురుగుల అన్నం మీద గొంతెత్తడం మీకు వచ్చు. అదే గొంతు ఏసీ గదిలోకీ తీసుకెళ్లండి. బాగోకపోతే పళ్లెం వెనక్కి పంపండి. అరవక్కర్లేదు. బిల్లు దాచుకోండి, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. కులం పేరెత్తి తిడితే అది వినియోగదారుల గొడవ కాదు, అట్రాసిటీ కేసు. దానికి దారి వేరు.

నేను మళ్లీ అదే హోటల్‌కి వెళ్తున్నాను. ఈసారి అమ్మని తీసుకెళ్తాను. బోటి తెప్పించి, ముందు ఆమెకి వడ్డించమంటాను. బాగుందో లేదో ఆమె చెబుతుంది.

వచ్చే భాగంలో ఆ సంగతి.

జై భీమ్.