వణకు సాక్ష్యమగునా?

గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడవికొన్నవాడే దొంగయని మన యిండ్లలో చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. నలుగురిలో నవ్వు పుట్టించుటకు ఈ సామెత మంచిదే. కాని పాఠశాలలలోను వసతిగృహములలోను దీనిని న్యాయసూత్రముగా వాడుట మాకు సమ్మతము కాదు. తరగతిలో ఒక కలము పోవును. బాలురను వరుసగా నిలువబెట్టి ముఖములు పరికింతురు. ఎవని నుదుట చెమట పోసెనో, ఎవని మాట తడబడెనో, వానిపై అందరి చూపును నిలుచును. ఆ పూట మొదలు వాడు దొంగ. మరునాడు కలము బల్లసందున దొరకినను ఆ పేరు అంత త్వరగా పోదు.

ఈ చెమటయు గుండెదడయు ఎవరి యాజ్ఞవలన కలుగుచున్నవో మొదట తెలిసికొనవలయును. ఎత్తుమన్న మన చేయి లేచును. ఆగుమన్న గుండె యాగదు. మన యిష్టముతో పనిలేక గుండెను, అన్నకోశమును, స్వేదగ్రంథులను నడపు నాడులకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి లాంగ్లీ పండితుడు 1898లో ప్రత్యేకముగ నొక పేరు పెట్టెను. దానినే మన పుస్తకములు స్వయంచోదిత నాడీమండలమని వ్యవహరించుచున్నవి. దీనియందు ముఖ్యమైన శాఖలు రెండు. మెదడు అడుగుభాగమునుండియు వెన్నుపాము చివరనుండియు బయలుదేరు పరసహానుభూత శాఖ నెమ్మదికాలపు పనులు చూచును: నోట నీరూరించును, అన్నము జీర్ణము చేయించును, గుండె వడి తగ్గించును. వెన్నెముక కిరుప్రక్కల గొలుసువలె నున్న ముడులతో కూడినది సహానుభూత శాఖ. పేరు చూచి ఇది దయగల నాడియని భ్రమపడరాదు. ఒక యవయవపు బాధను వేరొకటి పంచుకొనునని తలచిన ప్రాచీనుల భావమునుండి ఆ పేరు వచ్చినది. ఇది ఆపదవేళ మేల్కొనును. అపుడు గుండె వడి హెచ్చును, కనుపాప విచ్చును, చర్మమునందలి రక్తనాళములు ముడుచుకొని ముఖము పాలిపోవును, అరచేయి చెమర్చును, నోరెండును. మూత్రపిండములపై టోపీలవలె నున్న గ్రంథులనుండి అడ్రినలిన్ రక్తమున కలియగా చేతులు వణకును.

హార్వర్డు విశ్వవిద్యాలయమునందు కానన్ అను శాస్త్రజ్ఞుడు గడచిన శతాబ్దికి ముందటి శతాబ్ది చివర నొక పిల్లికి బిస్మతు కలిపిన ఆహారము పెట్టి, ఎక్స్‌రే కిరణములతో దాని యన్నకోశపు కదలికను కనిపెట్టుచుండెను. పిల్లి కలతచెందిన తోడనే ఆ కదలిక నిలిచిపోయెను; బుజ్జగింపగా మరల మొదలయ్యెను. ఆ పిల్లి పాలు దొంగిలించినదని యెవరును దానిపై నేరము మోపి యుండలేదు. కలతకు కలతయే చాలును, నేరముతో పనిలేదు.

ఈ పొరపాటు మన తరగతులలో పుట్టినది కాదు. పూర్వకాలపు స్మృతులలో తండులదివ్యమని యొక పరీక్ష కలదు. దొంగతనము చేసినట్లు అనుమానింపబడినవాడు బియ్యము నమిలి ఉమియవలయును. రక్తము కనబడినను, దేహము కంపించినను వాడు దోషి. నోరెండినవాడు బియ్యము నమలిన చిగురు చీరుకొనక మానునా? నేటి సత్యపరీక్షా యంత్రము కొలుచునదియు ఊపిరిని, రక్తపుపోటును, చెమటనే. 2010లో మన సుప్రీముకోర్టువారు సెల్వి కేసునందు ఇట్టి పరీక్షలను బలవంతముగ చేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. ఇష్టపడి పరీక్షకు కూర్చున్నవాని విషయమునను ఆ ఫలితములు తమంతట తాము సాక్ష్యము కానేరవనియు, ఆ ప్రతిచర్యలు వాని స్వాధీనమున ఉండవనియు అనిరి. సర్వోన్నత న్యాయస్థానము పనికిరాదన్న ప్రమాణము ఏడవ తరగతి బాలునిపై చెల్లునా?

అట్లయిన దొంగ తప్పించుకొనడా యని కొందరు ఉపాధ్యాయులు మమ్మడుగుదురు. తప్పుచేసినవాడును వణకును, నిజమే. చేయనివాడును వణకును, పలుమారు దండనము తిన్నవాడు మరింత వణకును. ఆరితేరినవాడు మాత్రము నిబ్బరముగ నిలుచుండును. కావున ముఖములు చూచి పట్టు పద్ధతిలో తప్పించుకొనువాడు మొదట ఆ ఆరితేరినవాడే.

మొదటి సమూయేలు గ్రంథమున హన్నా పెదవులు కదలుచుండుట చూచి, ఏలీ యాజకుడు ఆమె మత్తులో నున్నదని తలచెను. ఆమె దుఃఖముతో ప్రార్థించుచుండెను. ఏలీ యందు మెచ్చదగినది ఒకటి కలదు: ఆమె చెప్పుకొనుటకు సమయమిచ్చెను, విని దీవించి పంపెను. పదిమంది యెదుట కాక, ఒంటరిగ కూర్చుండబెట్టి యడిగినచో మన బాలురును చెప్పుకొందురు. ముందుగ వారికి కొన్ని మంచినీళ్లిచ్చి, కొంతసేపు నిదానముగ ఊపిరి విడువనిండు. తమంతట తాము జరుగు పనులలో మన చేతికి కొంత లొంగునది ఊపిరి. అది నెమ్మదించిన గుండెయు నెమ్మదించును. తలిదండ్రులును ఇంట ఈ పద్ధతినే అవలంబింపవలెనని మా కోరిక.

వసతిగృహపు విచారణపుస్తకమున వస్తువు ఎచట నుండెనో, ఎవరు చూచిరో, ఎపుడు పోయెనో వ్రాయవలయును. బాలునికి చెమట పోసెనని వ్రాయక తీరదనుకొన్న వార్డెనుగారు, ఆనాటి యెండ యెంతయో కూడ ప్రక్కన వ్రాయుదురుగాక.