కింది గదికి మెట్లు

‘బేస్‌మెంటు’ అనే మాటకు మన జగిత్యాల, కోరుట్ల వైపు సుతారులు చెప్పుకునే అర్థం వేరు. పునాది మీద, నేలకు పైన లేచే మట్టం వారికి బేస్‌మెంటు. ఇంగ్లీషువారికి అది నేల కింది గది. ఒకే మాట విని ఒకరు పైకి చూస్తారు, మరొకరు కిందికి చూస్తారు! అలాగని కింది గది మనకు కొత్తదేమీ కాదు. వెనక జొన్నలు దాచుకునే పాతర వుండేది. నేలమాళిగ లేకుండా రాజుల కథ నడిచేదే కాదు.

ఇప్పుడు వాలు స్థలంలో యిల్లు కట్టినవారు కింద సామాన్లకని ఒక గది వదులుతారు. కొన్నేళ్లకు గల్ఫు నుంచి కొడుకు తిరిగి వస్తాడు, దాన్ని పడకగది చేద్దామంటాడు. అక్కడ మొదలవుతుంది మెట్ల తగాదా. కొడుక్కి దుబాయిలో చూసిన గుండ్రటి యినప మెట్లు కావాలి. తండ్రికి గోడవారగా, ఖర్చు తక్కువలో, నిటారు మెట్లు చాలు. తల్లిని ఎవరూ అడగరు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగేది మాత్రం ఆమే.

బీర్పూరు వంటి, గుట్టా వాగూ రెండూ వున్న వూళ్లలో మెట్లకంటే ముందు నీటి సంగతి చూసుకోవాలి. ఒక వానకాలం ఆగి, కింది గోడలు చెమ్మ పడుతున్నాయేమో గమనించాలి. చెమ్మ వుంటే ఆ గది సామాన్లకే మంచిది.

గోడలు పొడిగా వుంటే లెక్కకు కూర్చోండి. 17వ శతాబ్దిలో బ్లాండెల్ అనే ఫ్రెంచి శిల్పాచార్యుడు మనిషి అడుగును కొలిచి ఒక సూత్రం చెప్పాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, దానికి వెడల్పు కలిపితే ఒక అడుగు దూరం కావాలి. మన కొలతలో అది 24, 25 అంగుళాలు. కింది నేలకూ పై నేలకూ మధ్య 9 అడుగులుంటే, 16 ఎత్తులుగా పంచితే ఒక్కొక్కటి ఆరూ ముప్పావు అంగుళాలు. వెడల్పు 11 అంగుళాలు పెడితే మొత్తం ఇరవై నాలుగున్నర. సరిపోయింది!

మెట్లు బేసి సంఖ్యలో వుండాలి గదా అంటారా? చివరి ఎత్తు పై నేలకే చేరుతుంది కనుక కాలు మోపే మెట్లు 15. శాస్త్రానికీ లోటు లేదు, మోకాళ్లకూ లోటు లేదు.

తిన్నగా కడితే వీటికి సుమారు 14 అడుగుల పొడవు కావాలి. సగంలో మలుపు తిప్పి మూడున్నర అడుగుల చదును వదిలితే 10 అడుగుల్లో సర్దుకుంటాయి. ఆ చదును మీద ఆగి ఆయాసం తీర్చుకోవచ్చు. కాలు జారినా కిందిదాకా దొర్లిపోరు. గుండ్రటి మెట్లు తక్కువ చోటు తీసుకునే మాట నిజమే. 1591 నాటి చార్మినారులోనూ 149 చుట్టుమెట్లున్నాయి. అయితే అక్కడ ఎవరూ బియ్యపు బస్తా మోసుకుని దిగరు. చుట్టుమెట్టు లోపలివైపు సన్నగిల్లుతుంది, సగం పాదమే ఆనుతుంది.

ఇక ఏ మెట్లయినా అన్నీ ఒకే ఎత్తులో వుండాలి. చివర నాపరాయి పరిచేటప్పుడు మొదటిదో ఆఖరిదో ఒక అంగుళం తేడా వస్తుంది, కాలు తట్టుకునేది అక్కడే. రెండో వైపు చేతికి పట్టు, పైనా కిందా దీపపు మీటా తప్పనిసరి.

గృహప్రవేశంనాడు వచ్చినవారు మీ మెట్లను ఒక్కసారి మెచ్చుకుని వెళ్లిపోతారు. అందుచేత సుతారికి కొలతలు చెప్పే ముందు, యింట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని పిలిచి, ఎత్తు యింత చాలునా అని అడగండి.