ఐర్లండ్‌లో ఆడవాళ్ళ క్రిస్మస్!

పండుగంటే ఇంటిల్లిపాదికీ సరదా. ఇల్లాలికి మాత్రం రెట్టింపు చాకిరీ! పిండివంటలు, వచ్చేపోయే చుట్టాలు, గుట్టలకొద్దీ అంట్లు. తీరా తాను తినే వేళకి ఆకలి కాస్తా చచ్చిపోతుంది. అందుకేనేమో, పండుగ అయ్యాక ఇల్లాలి విశ్రాంతికంటూ ఒక రోజు ఉంచుకున్నారు ఐర్లండ్ వాళ్ళు.

అక్కడ డిసెంబర్ 25న మొదలైన క్రిస్మస్ సందడి జనవరి 6తో ముగుస్తుంది. తూర్పుదేశపు జ్ఞానులు బాల ఏసును దర్శించుకున్న రోజుగా క్రైస్తవులు జరుపుకునేది ఆ రోజే. దాన్ని ఐరిష్ భాషలో 'నల్లిగ్ న మాన్' అంటారు. అంటే ఆడవాళ్ళ క్రిస్మస్ అన్నమాట. 'చిన్న క్రిస్మస్' అనీ పిలుస్తారు.

ఆ రోజు ఆడవాళ్ళు పొయ్యి వంక చూడరు. వంట, ఊడవడం, పిల్లల్ని చూసుకోవడం అన్నీ మగవాళ్ళవే! ఇంటిపని చేస్తే నలుగురూ నవ్వుతారని మిగతా ఏడాదంతా జంకే ఆనాటి మగవాళ్ళకి కూడా ఆ ఒక్క రోజూ మినహాయింపు ఉండేది కాదు. పెద్ద క్రిస్మస్‌కి మాంసం, విస్కీ మగవాళ్ళ కోసమైతే, చిన్న క్రిస్మస్‌కి టీ, ఎండుద్రాక్ష కేకు ఆడవాళ్ళ కోసం. ఇరుగుపొరుగు ఒకరింట్లో చేరి తీరిగ్గా కబుర్లు చెప్పుకునేవారు. క్రిస్మస్ అలంకరణలన్నీ తీసేసేది కూడా ఆ రోజే.

జల్లెడ నిండా ఓట్స్ గింజలు పోసి, అందులో పన్నెండు కొవ్వొత్తులు గుచ్చి, నడుమ ఒక పెద్ద కొవ్వొత్తి వెలిగించే ఆచారం 17వ శతాబ్దంలోనే ఉండేది. కొన్నిచోట్ల ఇంట్లో ఒక్కొక్కరి పేరున ఒక్కో దీపం పెట్టేవారు. ఎవరి దీపం ముందు కొండెక్కితే వాళ్ళ ఆయువు ముందు తీరుతుందని నమ్మకం. పాపం, ఆ తల్లి గుండె ఎంతగా కొట్టుకునేదో!

కార్క్, కెర్రీ ప్రాంతాల్లో ఈ పండుగ గట్టిగా నిలిచింది. మిగతాచోట్ల మరుగున పడినా మళ్ళీ ఊపందుకుంది. ఇప్పుడు ఆ సాయంత్రం కార్క్ హోటళ్ళలో ఎక్కడ చూసినా ఆడవాళ్ళే!

ఇదంతా ఉత్త సరదా అనుకోకండి. పెళ్ళయితే ప్రభుత్వోద్యోగానికి ఆడది రాజీనామా ఇవ్వాలన్న నిబంధన ఆ దేశంలో 1973 దాకా ఉండేది. అలాంటి చోట ఆడవాళ్ళంతా ఒకచోట కూడి కష్టసుఖాలు చెప్పుకోవడం చిన్న విషయమా? అయినా, ఒక్క రోజు సెలవిచ్చారంటే మిగతా 364 రోజుల చాకిరీ ఎవరిదో ఒప్పుకున్నట్టే కదా! ఏమంటారు?

అన్నట్టు, ఐరిష్ ఇళ్ళలో చేసుకునే ఎండుద్రాక్ష రొట్టె మనకీ తేలికే. మైదా 450 గ్రాములు, వంటసోడా ఒక టీ స్పూను, ఉప్పు అర స్పూను, పంచదార రెండు స్పూన్లు, ఎండుద్రాక్ష 100 గ్రాములు కలిపి, సుమారు 350 మిల్లీలీటర్ల పుల్లమజ్జిగ పోసి ముద్ద చేయండి. ఎక్కువ పిసకొద్దు, గట్టిపడుతుంది. గుండ్రంగా చేసి పైన అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, 200 డిగ్రీల ఓవెన్‌లో 40 నిమిషాలు ఉంచండి. అడుగున తడితే డొల్ల చప్పుడొస్తే ఉడికినట్టు.

కలిపే పని మాత్రం ఆ రోజుకి మీవారికి అప్పగించండి!