సారా మాన్పించిన పాట

దేని వాడకమైనా తగ్గించుకోమని ఉపన్యాసమిస్తే జనం లేచిపోతారు. అదే సంగతి ఆటపాటల్లో చెబితే ఏమవుతుందో ఉదయగిరి ప్రాంతానికి తెలుసు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ అక్షరాస్యత ఉద్యమం కళాజాతాలను ఊళ్లకు పంపింది. కూలి డబ్బు సారాకు పోయే ఇల్లు వీధినాటకంలోకి వచ్చింది. వాచకంలో సారా గురించిన ‘సీతమ్మ కథ’ పాఠమైంది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరు ఊరూరా పాకడంతో 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది.

చూసేవాళ్ల ఇంటి లెక్కే అక్కడ కథ. నేటి పర్యావరణ ప్రదర్శనల్లో కొరవడింది అదే. ప్లాస్టిక్ వద్దంటూ నినాదాలిస్తారు, వెనక కట్టిన బ్యానరేమో ఫ్లెక్సీ! సోమశిల, ఆత్మకూరు వైపు ఊళ్ల తిరునాళ్లలో ఆడించడానికి అప్పు చేసి, ప్లాస్టిక్ సామాను పోగేసి ఆర్భాటంగా చేసే పెళ్లి మీద ఓ ప్రహసనం చాలు. ప్లాస్టిక్ చెంచాకు పోటీగా, భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెనూ అందులో ఓ పాత్ర చేయొచ్చు.

అయితే నాటకం ఒక్కటే చాలదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఆడవాళ్ల మనసేం మారలేదు, ఖజానాకు రాబడి కావాల్సొచ్చింది. అందుకే కళాకారులకు పారితోషికమిచ్చే ప్రభుత్వమే పలచని ప్లాస్టిక్ సంచుల అమ్మకాన్నీ ఆపాలి.