విద్యుత్తు లైనులు - రైతు పొలములు

రాయలసీమకు వానదేవుడు లోపము చేసినను సూర్యభగవానుడు చేయలేదు. పాణ్యము, ఓర్వకల్లు ప్రాంతములలో 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. అట్టి కేంద్రమును ఏడాది రెండేండ్లలో నిలుపవచ్చును. దాని విద్యుత్తును దూరపట్టణములకు గొనిపోవు హైటెన్షను లైనునకు అంతకంటె మిక్కిలి కాలము పట్టుచున్నది. కాలువ లేని చెరువు ఆయకట్టునకేమి యుపకరించును? రాజస్థానమున 2025లో లైనులు చాలక సౌరవిద్యుత్తును తగ్గింపవలసివచ్చినది. మన యనుభవమును మఱవరాదు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు-షోలాపురము లైను ద్వారా దక్షిణాది విద్యుద్వ్యవస్థ తక్కిన దేశపు వ్యవస్థతో నేకమగువఱకు, ఉత్తరాదిని మిగులున్నను వలసినంత తెచ్చుకొనుటకు మనకు వీలు లేకుండెను.

కావున లైనులు వలయుననుటలో మాకు సంశయము లేదు. ఎవరి పొలముమీదుగా, ఏ వెలకు అనునదే ప్రశ్న.

పరప్రభుత్వము 1885లో తంతివార్తల తీగలకై చేసిన చట్టపు అధికారములను 2003 విద్యుచ్ఛట్టము, 164వ సెక్షను ద్వారా, ఈ లైనులు వేయువారికిని దక్కునట్లు చేసినది. దానినిబట్టి పొలమును కొననక్కఱలేదు. పట్టా రైతుపేరనే యుండును; టవరు మాత్రము చేని నడుమ నిలుచును. తీగలక్రింద వరి వేసికొనవచ్చును గాని కొబ్బరిచెట్లు పెంచరాదు, ఇల్లు కట్టరాదు. అమ్మజూపిన కొనువాడు వెనుదీయును. పరిహారము చాలదన్నవాడు జిల్లా జడ్జి కోర్టుకు పోవలెనట! ఎకరము రైతునకు వచ్చు సొమ్ము ప్లీడరు ఫీజునకే చాలదు.

కేంద్ర విద్యుచ్ఛాఖవారి 2024 జూను సూచనల ప్రకారము టవరు పాదములక్రింది భూమికి దాని విలువకు రెట్టింపును, తీగలక్రింది భూమికి నూటికి 30 వంతులును చెల్లింపవలెను. 2015 సూచనలలో ఇవి 85, 15 వంతులకు మించలేదు. ఈ మార్పు మెచ్చదగినదే. అయినను ఇవి సూచనలు మాత్రమే. అమలు రాష్ట్రప్రభుత్వముల చేతిలోనిది. విలువను రిజిస్ట్రేషను కచ్చేరి రేటునుబట్టి కట్టినచో, రెట్టింపును పలుచోట్ల అసలు ధరకు చాలదు. దస్తావేజులలో వెల తగ్గించి వ్రాయించిన భూస్వాములకు నిందులో కొంత పాలు కలదని మేము దాచము. అందులకు కౌలురైతు పంట బలి కారాదు.

లైను పోవు దారిని సర్వేకు ముందే పంచాయతీ కచ్చేరియందు పటముతో ప్రకటింపవలెను. పెద్దతోటలయొద్ద వంకరపోయి చిన్నకమతములమీద తిన్నగా సాగినదను నపవాదునకు చోటీయరాదు. ఊరిలో నడచు ధర ప్రకారము పరిహారము, పునాదిగుంత త్రవ్వకమునుపే రైతుచేతికి ముట్టవలెను. పైరు కోతకు వచ్చిన తరుణమున యంత్రములను చేలలోనికి దింపుట నిలుపవలెను.